కర్ణభేరి వెనక చేరిన నీటికి సిరప్ సీసాలో మందు లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలం మొదలైనప్పటి నుంచి ఉగాది దాకా మన అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో చెవి ముక్కు గొంతు ఓపీలకు వచ్చే పిల్లల మందుల చీటీలు చూస్తే ఒకే వరస కనిపిస్తుంది. మొదట అమాక్సిసిలిన్, పది రోజులకు సెఫిక్సిమ్, ఆపైన అజిత్రోమైసిన్, మధ్యమధ్య జలుబు సిరప్పులు. పిల్లాడికి నొప్పి లేదు, జ్వరం లేదు. పిలిస్తే మాత్రం పలకడు, టీవీ దగ్గరికి జరిగి కూర్చుంటాడు, ప్రతి మాటకూ "ఆఁ?" అంటాడు. ఇంట్లో మొండితనం అనుకుంటారు, బడిలో పరధ్యానం అనుకుంటారు. కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలాక "తలస్నానం చేయించినప్పుడు నీళ్ళు పోయినాయేమో" అనే మాట వస్తుంది. పత్రికల ఆరోగ్య పేజీల్లో వచ్చే జవాబులు కూడా చాలాసార్లు "యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయండి" దగ్గరే ఆగిపోతాయి. ఆ నీటిలో బాక్టీరియా ఉన్న మాట నిజం. మరి కోర్సు మీద కోర్సు వాడినా అది ఎందుకు తగ్గదు? దాన్ని పాఠకులకు విడమర్చి చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు స్నానపు నీటి సంగతి. కర్ణభేరికి చిల్లు లేనంతవరకు బయటి చెవి నుంచి ఒక్క చుక్క కూడా లోపలికి పోదు. పసిపిల్లల్ని కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసి చెవుల్లో ఊదడం, వెల్లుల్లి కాచిన నూనె వెచ్చగా చెవిలో పోయడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఆ నూనె కర్ణభేరిని దాటి నీటిని చేరదు. ఒకవేళ చిల్లు ఉంటే మాత్రం నేరుగా లోపలికి దిగి, బూజు పట్టడానికి, చీము కారడానికి దారి చేస్తుంది. అంటే నూనె పోస్తే ఉపయోగం లేకపోవడమో నష్టమో తప్ప మూడోది లేదు.

నీరు లోపలే పుడుతుంది. కర్ణభేరి వెనక ఉండే గాలి గదిని మధ్యచెవి అంటాం. దాన్ని ముక్కు వెనక భాగానికి కలిపే సన్నని దారి యూస్టేషియన్ గొట్టం. పెద్దవాళ్ళలో దీని పొడవు సుమారు 36 మిల్లీమీటర్లు, వాలు 45 డిగ్రీల దాకా ఉంటుంది. పసిబిడ్డలో పొడవు అందులో సగమే, వాలు సుమారు 10 డిగ్రీలు, అంటే దాదాపు అడ్డంగా పడి ఉంటుంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అంగిలి కండరం లాగితే ఈ గొట్టం క్షణంపాటు తెరుచుకుని లోపలికి కొత్త గాలి పోతుంది. పడిశం పట్టి గొట్టం వాచిందనుకోండి, లేదా దాని మూతి దగ్గర, ముక్కు వెనక అందరికీ ఉండే టాన్సిల్ లాంటి అడినాయిడ్ గడ్డ పెరిగిందనుకోండి, గాలి పోదు. లోపలున్న గాలిని చుట్టూ ఉన్న పొర మెల్లగా పీల్చేసుకుంటుంది. పీడనం తగ్గి, కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి, రక్తనాళాల నుంచి పలచని ద్రవం ఊరుతుంది. జనం "చెవి దిబ్బడ వేసింది" అనేది ఈ స్థితినే.

గొట్టం మూసుకుపోతే చాలు, నీరు తనంతట తానే ఊరుతుందని, అందులో క్రిములేవీ ఉండవని చాలా కాలం నమ్మారు. ఆ నమ్మకానికి ఆధారం ప్రయోగశాల రిపోర్టులే. ఆపరేషన్‌లో పీల్చి తీసిన నీటిని, పళ్ళెంలో వేసి క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్‌కు పంపితే ఎక్కువ నమూనాల్లో ఏమీ పెరిగేది కాదు. 1995లో అమెరికా పరిశోధకులు పిల్లల చెవుల నుంచి తీసిన 97 నమూనాలను, క్రిముల డీఎన్‌ఏను వెతికి పట్టే పీసీఆర్ పద్ధతిలో కూడా పరీక్షించారు. కల్చర్‌లో బాక్టీరియా పెరిగినవి 28 మాత్రమే. ఏమీ పెరగని వాటిలో మరో 47 నమూనాల్లో బాక్టీరియా డీఎన్‌ఏ దొరికింది. అది చచ్చిన క్రిముల ఆనవాలేమో అన్న సందేహం సహజంగానే వచ్చింది. 1998లో, బతికున్న కణం ప్రోటీన్లు చేసుకోవడానికి వాడే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతికారు. ఈ ఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో శిథిలమయ్యేది కనుక అది దొరికిందంటే క్రిమి బతికే ఉన్నట్టు. కల్చర్‌లో పెరగని నీటిలో కూడా అది దొరికింది.

ఆ క్రిములు ఏవి? ప్రధానంగా మూడు. మొదటిది స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, మామూలుగా న్యుమోకాకస్ అంటాం. నిమోనియాకు, మెదడు పొరల వాపుకు (మెనింజైటిస్) కారణమయ్యేది ఇదే. రెండోది హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే. దీని పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ జ్వరానికి ఇదే కారణమని పొరబడి ఆ పేరుతో ముడిపెట్టాడు. ఫ్లూకు కారణం వైరస్ అని తర్వాత తేలినా పేరు అలాగే నిలిచిపోయింది. మూడోది మొరాక్సెల్లా కటరాలిస్. ఈ మూడూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనక కూడా ఊరకే కాపురం ఉంటాయి. వైరస్ జలుబు వచ్చి గొట్టం లోపలి సన్నని వెంట్రుకల కదలికను చెడగొట్టినప్పుడు అక్కడి నుంచి పైకి పాకుతాయి. అందుకే చెవిపోటు జలుబు వచ్చిన మూడో రోజో నాలుగో రోజో మొదలవుతుంది.

నీరు నెలల తరబడి నిలిచిన చెవుల్లో ఎక్కువగా దొరికేది హీమోఫిలస్. అది కూడా టైపు లేని రకం. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక సంగతి తెలియాలి. మన పిల్లలకు 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో హిబ్ ఉంటుంది. అది పైన గుల్ల ఉన్న బి టైపు హీమోఫిలస్ నుంచి కాపాడుతుంది. చెవిలో చేరే రకానికి ఆ గుల్లే లేదు కాబట్టి ఆ టీకా దాన్ని ఆపలేదు. "టీకాలన్నీ వేయించినాము, అయినా చెవి ఎందుకిట్లయింది" అనే తల్లుల ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. న్యుమోకాకస్ టీకా సంగతి వేరు. పీసీవీ అనే ఆ టీకాను ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి 2021లో దేశమంతటికీ విస్తరించింది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తారు. న్యుమోకాకస్ వల్ల వచ్చే చెవిపోట్లను ఇది తగ్గిస్తుంది. 9 నెలల డోసు తప్పిపోయే పిల్లలు ఎక్కువ. ఆశా కార్యకర్తలు కార్డులో ఆ గడిని ప్రత్యేకంగా చూడాలి.

నాలుగో పేరు అలోయోకాకస్. 1989లో పిల్లల మధ్యచెవి నీటిలోనే మొదటిసారి దొరికింది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు ల్యాబ్‌లో పళ్ళాన్ని 48 గంటలకే పారేస్తారు, దీనికి ఐదు రోజుల దాకా పట్టొచ్చు. కల్చర్‌లో కనిపించకపోయినా పీసీఆర్‌లో తరచూ కనిపిస్తుంది. అయితే బయటి చెవి చర్మం మీద కూడా ఇది ఉంటుంది. కాబట్టి నీటికి ఇదే కారణమని తేల్చడం తొందరపాటు. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ మీద కూడా ఇదే రకం చర్చ ఉంది. ఆ పేరు చెప్పి పిల్లలకు అల్సర్ మందులు రాయడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

ల్యాబ్ మాట వచ్చింది కనుక ఒక ఖర్చు గురించి చెప్పాలి. కర్ణభేరి చిల్లు లేకుండా ఉన్నప్పుడు చెవి కాలువలో పుల్ల తిప్పి "కల్చర్ అండ్ సెన్సిటివిటీ" చేయించడం డబ్బు దండగ. అందులో వచ్చేది చెవి చర్మం మీది స్టెఫైలోకాకస్, సూడోమోనాస్ క్రిముల పేర్లు. కర్ణభేరి వెనక ఏముందో ఆ పుల్లకు తెలియదు. ఆ రిపోర్టు చూసి ఖరీదైన ఇంజెక్షన్లు మొదలుపెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆపరేషన్‌లో నీరు పీల్చి తీసినప్పుడు పంపే నమూనాకే అర్థం ఉంది. అదైనా చాక్లెట్ అగార్ మీద, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో పెంచాలి. చాక్లెట్ అగార్ అంటే వేడి చేసిన రక్తం కలిపిన పళ్ళెం, రంగును బట్టి ఆ పేరు. రక్తకణాల్లో బందీగా ఉండే రెండు పోషకాలు వేడికి బయటపడితేనే హీమోఫిలస్ పెరుగుతుంది. మామూలు రక్తపు పళ్ళెం మీద వేసి "ఏమీ పెరగలేదు" అని రాస్తే అది ఆ పద్ధతి లోపం.

ఇక అసలు ప్రశ్న. బాక్టీరియా ఉందని తెలిశాక దాన్ని చంపే మందు ఎందుకు పనిచేయదు?

బావి మెట్లకు పట్టిన పాచిని చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎన్ని బిందెలు గుమ్మరించినా పాచి పోదు, జిగటగా రాయిని అంటిపెట్టుకుని ఉంటుంది. మధ్యచెవి పొర మీద బాక్టీరియా అలాగే జిగురు పొర అల్లుకుని గుంపుగా బతుకుతుంది. దీన్ని బయోఫిల్మ్ అంటారు. 2006లో, చెవిలో ట్యూబు వేయించుకుంటున్న 26 మంది పిల్లల మధ్యచెవి పొర నుంచి 50 ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే 46 ముక్కల మీద ఈ పాచి కనిపించింది. వేరే కారణంతో చెవి ఆపరేషన్ జరిగిన, చెవిలో నీరు లేనివాళ్ళ ముక్కల్లో అది లేదు. ఆ జిగురు లోపల క్రిములు నిద్రపోతున్నట్టు నెమ్మదిగా ఉంటాయి. అమాక్సిసిలిన్ లాంటి మందులు గోడ కట్టుకుంటూ విభజన చెందే క్రిమినే చంపగలవు. విభజనే లేనప్పుడు మందుకు పట్టు చిక్కదు. కల్చర్‌లో అవి పెరగకపోవడానికి కూడా చాలావరకు ఇదే కారణం.

అది ఒక్కటే కాదు. హీమోఫిలస్, మొరాక్సెల్లా రెండింటి గోడలోనూ ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. క్రిమి చచ్చినా అది నీటిలో మిగిలిపోయి పొరను రెచ్చగొడుతూనే ఉంటుంది. పొరలో జిగురు తీసే కణాలు పెరిగి, మొదట నీళ్ళలా ఉన్న ద్రవం వారాలు గడిచేకొద్దీ చిక్కబడి బంకలా సాగుతుంది. ఇంగ్లిషు వైద్యులు జిగురు చెవి అని పేరు పెట్టింది ఊరికే కాదు, గొట్టం తెరుచుకున్నా ఆ బంక జారదు. చంపాల్సింది చచ్చాక కూడా మిగిలిన చెత్త పని చేస్తూ ఉంటే, మందు డోసు పెంచి ఏం లాభం? పైగా క్రిముల అసలు స్థావరం చెవిలో కాదు, ముక్కు వెనక అడినాయిడ్ గడ్డ ముడతల్లో ఉంది. అక్కడ హీమోఫిలస్ కణాల లోపలికే దూరి దాక్కుంటుంది. శ్లేష్మంలో మనల్ని కాపాడే యాంటీబాడీని కోసేసే ఎంజైము కూడా దానికీ న్యుమోకాకస్‌కూ ఉంది. కోర్సు అయిపోగానే అక్కడి నుంచి మళ్ళీ సరఫరా మొదలవుతుంది.

ఇంత తెలిశాక కూడా కొందరు వైద్యులు "పది రోజులు వాడి చూద్దాం" అంటారు. ఆ పది రోజుల్లో కొందరికి నీరు కాస్త తొందరగా తగ్గే మాట వాస్తవం. కానీ ఆ లాభం నిలవదు. విరేచనాలు, దద్దుర్లు, ముక్కులో మందుకు లొంగని క్రిములు మిగలడం అనే నష్టాలు మాత్రం నిలుస్తాయి. అందుకే నొప్పి, జ్వరం లేని నీటికి యాంటీబయాటిక్‌లు, నోటి స్టెరాయిడ్లు, సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మందులు, ముక్కు దిబ్బడ సిరప్పులు వాడవద్దని 2016 అమెరికా మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. నోటి స్టెరాయిడ్ మీద 2018లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో కూడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

యాంటీబయాటిక్‌కు చోటు ఉన్నది చెవిపోటు అప్పుడు. రాత్రి ఏడ్చి లేచి, జ్వరంతో, కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉంటే అది తీవ్రమైన ఇన్ఫెక్షన్. ఆ సమయంలో జరిగే తప్పు దీనికి తలకిందులు, అక్కడ మందు చాలినంత ఇవ్వరు. ఇవ్వాల్సిన అమాక్సిసిలిన్ రోజుకు కిలో బరువుకు 80 నుంచి 90 మిల్లీగ్రాములు, రెండు భాగాలుగా. పది కిలోల బిడ్డకు రోజుకు 800 నుంచి 900 మిల్లీగ్రాములు కావాలి. షాపులో చేతికిచ్చే 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్‌ను "పూటకో చెంచా, రెండు పూటలు" అని పోస్తే రోజుకు దక్కేది 250 మాత్రమే, కావలసిన దాంట్లో మూడోవంతు కూడా కాదు. న్యుమోకాకస్ తన గోడ తయారుచేసే ప్రోటీన్‌ను మార్చుకుని మందును అడ్డుకుంటుంది, డోసు పెంచితే ఆ అడ్డు దాటొచ్చు. మొరాక్సెల్లా, కొంత హీమోఫిలస్ మాత్రం మందునే విరగ్గొట్టే ఎంజైము వదులుతాయి. వాటికి ఎంత డోసైనా ఒకటే, ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులనేట్ కలిసిన మందు కావాలి. ఈ లెక్క వైద్యుడు బరువు తూచి వేయాల్సింది. పొడి సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి, నురగ తగ్గాక మళ్ళీ గీత చూసుకోవాలి. ప్రతి పూటా బాగా కుదపాలి. కలిపిన వారం తర్వాత మిగిలింది పారేయాలి. పోయిన నెల సీసాలో మిగిలిన దాన్ని తమ్ముడికి పోయకూడదు.

నొప్పి తగ్గాక నీరు ఉంటే భయపడాల్సిన పనిలేదు. చెవిపోటు తగ్గిన రెండు వారాలకు పది మంది పిల్లల్లో ఏడుగురికి నీరు ఉంటుంది. నెలకు నలుగురికి, రెండు నెలలకు ఇద్దరికి, మూడు నెలలకు ఒకరికి. మందు వాడకపోయినా ఇంతే. రెండో వారంలో చెవి చూసి "ఇంకా తగ్గలేదు" అని ఇంకో కోర్సు రాయడం ఈ లెక్క తెలియకపోవడం వల్ల జరుగుతుంది.

నీరు ఉందో లేదో కంటితో చెప్పడానికి గాలి ఊదే సీగిల్ దర్పణం చాలు. ఊదినప్పుడు మామూలు కర్ణభేరి కదులుతుంది, నీరున్నది కదలదు, మసకగా పసుపు రంగులో ఉంటుంది, కొన్నిసార్లు బుడగలు కనిపిస్తాయి. చెవిలో గాలి పీడనం మార్చి కర్ణభేరి కదలికను గీతగా గీసే టింపనోగ్రామ్ అయితే కాగితం మీద సాక్ష్యం ఉంటుంది. నొప్పి లేదు, రెండు నిమిషాల పని. దాన్ని చదవడం తల్లిదండ్రులకు కూడా కష్టం కాదు. గీత మధ్యలో కొండ శిఖరంలా లేస్తే ఎ రకం, మామూలే. శిఖరం ఎడమకు, అంటే రుణ పీడనం వైపు జరిగితే సి రకం, గొట్టం సరిగా తెరుచుకోవడం లేదు. గీత బల్లపరుపుగా ఉంటే బి రకం. ఇక్కడ చాలామంది వైద్యులు కూడా పక్కన రాసిన చెవి కాలువ ఘనపరిమాణం చూడరు. చిన్నపిల్లల్లో అది ఒక మిల్లీలీటరు లోపు ఉండి గీత బల్లపరుపు అయితే నీరు అనుకోవచ్చు. ఘనపరిమాణం అంతకన్నా బాగా పెద్దదైతే చిల్లు ఉంది. మరీ తక్కువైతే గులిమి అడ్డుపడింది, లేదా యంత్రం మొన కాలువ గోడకు ఆనింది. గులిమి తీసి మళ్ళీ చేయాలి. ఆరు నెలల లోపు పసివాళ్ళకు మామూలు 226 హెర్ట్జ్ శబ్దంతో చేస్తే తప్పుడు ఫలితం వస్తుంది, 1000 హెర్ట్జ్ కావాలి.

వినికిడి నష్టం సగటున 25 డెసిబెళ్ళ చుట్టూ ఉంటుంది. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పాఠం విన్నట్టు. ఎదురుగా నిలబడి మాట్లాడితే వినిపిస్తుంది, వెనక నుంచి పిలిస్తే వినిపించదు. అందుకే ఇది దొరకకుండా తప్పించుకుంటుంది. ఒత్తులు, సకారాలు జారిపోతాయి, "చెట్టు", "బస్సు" లాంటి మాటలు పిల్లాడు తప్పుగా పలుకుతాడు.

ఇలాంటి పిల్లాడిని మూడు నెలలు కనిపెట్టి ఉండడమే మొదటి చికిత్స. ఊరకే కూర్చోవడం కాదు. బడిలో మొదటి బెంచీ, మాట్లాడేటప్పుడు మూడు అడుగుల లోపు, ముఖం కనిపించేలా, టీవీ కట్టేసి. ఇంట్లో బీడీ, సిగరెట్ ఆపాలి. కందికట్టె పొయ్యి పొగలో బిడ్డను చంకన పెట్టుకుని వంట చేయడం మానాలి. ఆ పొగ యూస్టేషియన్ గొట్టంలోని వెంట్రుకల్ని పడుకోబెడుతుంది. పాలసీసా పడుకోబెట్టి పట్టకూడదు, తల ఎత్తి ఉంచాలి. అడ్డంగా ఉన్న గొట్టంలోకి పాలు పైకి పోతాయి.

నాలుగేళ్ళు దాటి మాట వినే పిల్లలైతే ముక్కుతో బుడగ ఊదించడం మంచి పద్ధతి. ఒక ముక్కు రంధ్రం వేలితో మూసి, రెండో దానికి బుడగ తగిలించిన మొన ఆనించి, నోరు మూసి, బత్తాయి కాయంత అయ్యేదాకా ఊదాలి. తర్వాత రెండో వైపు. రోజుకు మూడుసార్లు, ఒకటి నుంచి మూడు నెలలు. కొత్త బుడగ బిగుతుగా ఉంటుంది కనుక ముందు ఒకసారి పెద్దవాళ్ళు సాగదీసి ఇవ్వాలి. వాడివాడి రబ్బరు వదులైతే పీడనం చాలదు, మార్చాలి. 2015లో బ్రిటన్‌లో 320 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో నెలకు ఇలా ఊదిన వాళ్ళలో 47 శాతానికి, ఊదని వాళ్ళలో 36 శాతానికి టింపనోగ్రామ్ మామూలైంది. అద్భుతం కాదు గానీ ఖర్చు తక్కువ, హాని లేదు. చీమిడి ధారగా కారుతున్నప్పుడు, చెవినొప్పి ఉన్నప్పుడు ఆపాలి. నోటితో మామూలు బుడగలు ఊదితే ఈ ఫలితం రాదు.

అంగిలి చీలికతో పుట్టిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు, మాట ఆలస్యమైనవాళ్ళు, ముందే వినికిడి లోపమో చూపు లోపమో ఉన్నవాళ్ళు మూడు నెలలు ఆగకూడదు. వీళ్ళను వెంటనే చెవి వైద్యుడికి చూపాలి.

మూడు నెలలు దాటినా రెండు చెవుల్లో నీరుండి, వినికిడి తగ్గి ఉంటే గ్రోమెట్ అనే చిన్న ట్యూబు వేస్తారు. మత్తులో పావుగంట పని. కర్ణభేరి కింది భాగంలో, ముందువైపు చిన్న గాటు పెట్టి, నీరు పీల్చి, ట్యూబు కూర్చోబెడతారు. పైవెనక భాగంలో గాటు పెట్టరు, అక్కడ చెవి ఎముకలు ఉంటాయి. ట్యూబు చేసే పని నీరు తీయడం కంటే గాలి ఇవ్వడం. గాలి తగిలితే పొర మళ్ళీ మామూలవుతుంది. అది ఆరు నెలలకో ఏడాదికో తనంతట తానే ఊడి వస్తుంది. నాలుగేళ్ళు దాటినవాళ్ళకు అడినాయిడ్ తీయడం కూడా కలిపితే నీరు మళ్ళీ చేరడం తగ్గుతుంది. గడ్డ చిన్నదైనా లాభం కనిపిస్తుంది, ఎందుకంటే తీసేది అడ్డును మాత్రమే కాదు, క్రిముల కొట్టాన్ని. ట్యూబు ఉన్నన్నాళ్ళు బావిలో, కేసీ కాలువలో, హెచ్‌ఎల్‌సీ కాలువలో దూకి మునగడం వద్దు. ట్యూబు నుంచి చీము కారితే నోటి మందు కన్నా సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు బాగా పనిచేస్తాయి. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు అడిగి మరీ తప్పించాలి, అవి లోపలి చెవికి విషం.

రెండు వేరే పరిస్థితుల్ని దీనితో కలపకూడదు. నొప్పి లేకుండా వారాల తరబడి చెవి కారుతూ, కర్ణభేరికి ఒకటికి మించి చిల్లులుండి, వినికిడి అనుకున్నదానికన్నా ఎక్కువ పడిపోయి, ముఖం ఒకవైపు వంకర పోతే అది క్షయ కావచ్చు. మామూలు చుక్కలతో నెలలు గడపకుండా కండను తీసి పరీక్షకు పంపాలి. పెద్దవాళ్ళలో, జలుబు లేకుండా ఒకే చెవిలో నీరు చేరి నిలిచిపోతే ముక్కు వెనక భాగాన్ని ఎండోస్కోపుతో చూసి తీరాలి. అక్కడి క్యాన్సర్ కొన్నిసార్లు మొదట చెవి దిబ్బడగానే బయటపడుతుంది.

పత్రికకు ఒక విన్నపం. చెవి నీటి గురించి పాఠకులు అడిగే ప్రశ్న అచ్చువేసే ముందు ఎన్ని వారాల నుంచి, నొప్పి ఉందా, టింపనోగ్రామ్ ఏమంది అనే మూడు వివరాలు తెప్పించుకుంటే జవాబు మారిపోతుంది. బడులకు, అంగన్‌వాడీలకు వెళ్ళే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాల పరీక్షల జాబితాలో చెవి ఇన్ఫెక్షన్, వినికిడి లోపం ఉన్నాయి. ఆ బృందం వచ్చిన రోజు ఉపాధ్యాయులు "పిలిస్తే పలకని" పిల్లల పేర్లు ముందే రాసి ఉంచాలి. టింపనోగ్రామ్ రకం, ఘనపరిమాణం, తేదీ పిల్లాడి కార్డులో రాయాలి, లేకపోతే తర్వాతి వైద్యుడు మళ్ళీ మొదటి సిరప్ నుంచి మొదలుపెడతాడు. జనవరిలో మొదటిది తీసిన పిల్లాడికి రెండోది ఏప్రిల్‌లో, ఎండాకాలం సెలవులకు ముందే తీయించాలి. చలికాలపు నీరు చాలామందికి అప్పటికి ఇంకిపోయి ఉంటుంది. ఇంకనివాళ్ళకు మే నెలలో ట్యూబు వేయిస్తే జూన్‌లో బడి తెరిచే నాటికి పాఠం వినిపిస్తుంది.

ఇట్లు,
చెవి ముక్కు గొంతు వైద్యులు, ఆడియాలజిస్టులు కొందరు,
అనంతపురం.